నెలకో దెబ్బ తిన్న చెంచా

నన్ను తూకంలో మోసం చేసే మనిషి ఇంకా పుట్టలేదని నలభై ఏడేళ్ళు వచ్చేదాకా నమ్మాను. పుట్టింది. శృంగవరపుకోట వెళ్ళి, పెద్దల చేత అడిగించి, పెళ్ళి చేసుకుని మరీ ఇంటికి తెచ్చుకున్నాను. ఆ మోసం ఎనిమిది నెలలు సాగింది. రోజుకి ఆరుసార్లు జరిగింది. నేను పక్క గదిలో చెవులు రిక్కించి కూర్చుని ఉండగానే జరిగింది. ఇది రాస్తున్నప్పటికీ నా కోపం చల్లారలేదు. ఎవరి మీద అన్నది మాత్రం మారుతూ వచ్చింది.

మాది శ్రీకాకుళం బజారులో కిరాణా కొట్టు. తాత పెట్టాడు, నాన్న నిలబెట్టాడు, నేను కూర్చున్నాను. నిజంగానే కూర్చున్నాను. పొద్దున్న ఏడున్నరకి గద్దె ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి తప్ప దిగేవాణ్ణి కాదు. ఏ డబ్బా ఎక్కడుంటే కూర్చున్నచోటు నుంచి చెయ్యి అందుతుందో అలా సర్దుకున్నాను. దాన్ని తెలివి అనుకున్నాను.

మా అటక మీద తాత కాలం నాటి ఇత్తడి సోల ఒకటి ఉండేది. పైనుంచి చూస్తే అన్ని సోలల్లాగే ఉంటుంది. లోపల మాత్రం అడుగు పైకి పొంగి ఉంటుంది. ఎవరో ఒడుపుగా కింద నుంచి కొట్టి లేపారు. దానితో కొలిస్తే ప్రతి సోలకీ గుప్పెడు గింజలు కొట్లోనే మిగులుతాయి. నాన్న దాన్ని వాడలేదు, అమ్మలేదు, పారెయ్యనూ లేదు. "ఇది సూసినప్పుడల్లా మనకి సిగ్గెయ్యాల, అందుకే ఉంచేను" అనేవాడు. ఆ సిగ్గుతోనే నాకు రెండు సంగతులు నేర్పాడు. ఒకటి, తూకం కొనేవాడి కళ్ళముందే వెయ్యాలి, నీ రెండు చేతులూ వాడికి కనబడాలి. రెండోది, కాటాలో కాస్త తగ్గించి వేసి పైన కలపాలి గాని, ఎక్కువ వేసి తియ్యకూడదు. "కలిపితే దొడ్డ మనసంటాడు. తీస్తే దొంగంటాడు. సరుకు రెండుసార్లూ అంతేరా" అనేవాడు.

ఇన్ని తెలిసిన మనిషి తన ఒంటికి జరిగిన తూకం మాత్రం చూసుకోలేదు. మా వ్యాపారంలో బేరం కుదిరితే టీ, కుదరకపోతే కుదరడానికి టీ. టోకు సరుకు దింపినవాడికి టీ, వాడితోపాటు మనకీ టీ. వద్దంటే ఎదుటివాడు చిన్నబుచ్చుకుంటాడు. ఎవడూ ఒక్క రోజులో తీపి జబ్బు తెచ్చుకోడు. ఈ ఏడు ఒక టీ, వచ్చే ఏడు ఇంకోటి, ఆ పైన కొసరుగా అర చెంచా. ముప్ఫై ఏళ్ళు కొసరు కొసరుగా వచ్చింది నాన్నకి. పోయేటప్పుడు మాత్రం ఒక్కసారే పోయింది, కుడి కాలు, మోకాలి కింద నుంచి. ఆ తరువాత రెండేళ్ళు ఒక కాలితోనే గద్దె మీద కూర్చుని తూకాలు వేశాడు. పరామర్శకి వచ్చిన ప్రతి చుట్టమూ మిఠాయి పొట్లంతో వచ్చేవాడు. "ఒక్కటి తింటే ఏటవుద్దిలే" అని నోట్లో పెట్టేవాడు. వాళ్ళందరి మీదా నాకు కోపం ఉంది. ఆ పొట్లాలు లోపలికి అందుకున్నది నేనే కాబట్టి నా మీద ఇంకా ఎక్కువ ఉంది.

నాన్న పోయిన ఆరేళ్ళకి నా కుడికాలి చిటికెన వేలిని కొత్త చెప్పు కరిచింది. కందిగింజంత పుండు. పసుపు రాశాను. నెలయినా మానలేదు. అది ఏమిటో నాకు మొదటి వారంలోనే తెలుసు. తెలిసే మేజోడు తొడుక్కుని తిరిగాను. నా భార్య మేజోడు ఉతకబోయి మరక చూసింది. ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపింది.

డాక్టరు నాకంటే చిన్నవాడు. రక్తం చూసి, కాగితం మీద ఇది మానాలి అది మానాలి అని పన్నెండు వరసలు రాసిచ్చాడు. నేను అలవాటుగా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, సరుకు అంత బాగోలేదన్నట్టు మొహం పెట్టాను.

"సార్, ఒకేసారి అన్నీ అంటే కష్టం. ఏదో ఒక మాట సెప్పండి."

"ఏ మాట?"

"టీలు ఎనిమిది తాగుతాను. ఆరు సేసుకుంటాను. పంచదార జోలికి మాత్రం రాకండి."

"ఎన్ని చెంచాలు వేసుకుంటారు?"

"మూడు."

"రోజుకా, గ్లాసుకా?"

"గ్లాసుకే."

ఆయన కలం కింద పెట్టాడు. "నాతో బేరమాడి మీరు గెలవొచ్చు. కాలు బేరానికి రాదండీ. మాత్రలు వేసుకోండి, మూడు నెలలకోసారి రండి. పుండు మానకపోతే వేలు తీసెయ్యాలి. వేలితో ఆగితే అదృష్టం."

ఎనిమిది నుంచి ఆరుకి దిగాం, బేరం తెగిందనుకుంటూ బయటికొచ్చాను. అవతలి మనిషి అసలు ఏమీ ఒప్పుకోలేదన్న సంగతి ఏడు రోడ్ల జంక్షన్ దాటాక గాని తట్టలేదు. అప్పుడు వచ్చింది కోపం. పన్నెండు వరసలు. కాటాలోంచి పన్నెండుసార్లు తీశాడు. తీసేవాణ్ణి దొంగ అనకుండా ఎలా ఉంటాను?

ఇంటికొచ్చి ఆ కోపమంతా నా భార్య ముందు కక్కాను. ఆవిడ కాగితం మొత్తం చదివి, మడిచి, బొట్టుపెట్టెలో పెట్టుకుంది.

"మీకేటి కావాలి?" అంది.

"మూడు సెంచాలు. ఒక్కటి తగ్గినా ఊరుకోను."

"తగ్గదు. మూడే ఏస్తాను. ఆరు టీలూ నా సేతి టీలే తాగాల. కొట్టుకి ప్లాస్కులో పంపిస్తాను. బయటది ముట్టుకోకూడదు."

ఒప్పుకున్నాను. ఎదుటివాడు తొందరగా దిగొచ్చిన బేరాన్ని ముందు అనుమానించాలని మాకు నడక కంటే ముందు నేర్పుతారు. ఆ రోజు అది కూడా మరిచిపోయాను.

మర్నాటి నుంచి వంటింట్లో ఆవిడ టీ కలిపేటప్పుడు నేను హాల్లో లెక్కపెట్టేవాణ్ణి. పంచదార వేశాక చెంచాని గ్లాసు అంచుకి కొడుతుంది. టంగ్. టంగ్. టంగ్. మూడోది ఆలస్యమైతే "ఒసే" అని కేకేసేవాణ్ణి. "ఏస్తన్నానండి, సెంచాకేం తొందర" అనేది. ప్లాస్కు నింపేటప్పుడూ అంతే, నాలుగు టీలకి పన్నెండు చప్పుళ్ళు. నేను వినకుండా ఏ రోజూ కొట్టుకి కదల్లేదు.

మూడో నెలకి రక్తంలో తీపి కొంచెం తగ్గింది. ఐదో నెలకి పుండు మూసుకుంది. ఆరో నెలకి డాక్టరు కాగితం చూసి, నన్ను చూసి, మళ్ళీ కాగితం చూశాడు. "ఏం చేస్తున్నారో అదే చెయ్యండి" అన్నాడు. అంతే, నాకు కొమ్ములొచ్చాయి. నేనేం చేస్తున్నాను? పొద్దున్నే రెండు గుక్కలు కాకరరసం తాగుతున్నాను, అదీ గుర్తున్న రోజున. కాబట్టి అంతా కాకరరసం వల్లనే. అంతకంటే ఎక్కువ నా మనోబలం వల్లనే. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పాను. చెబుతూ చెబుతూ మెంతులు అంటగట్టాను. పొద్దున్నే సూర్యుడి బొమ్మ కింద నీతివాక్యాలు రాసి వాట్సాప్‌లో పంపేవాళ్ళని చూసి అంతకుముందు పళ్ళు కొరికేవాణ్ణి. ఇప్పుడు నేనే పంపడం మొదలుపెట్టాను.

అది విజయనగరం దాకా పాకింది. అక్కడ వర్తకుల సమావేశంలో మంచి అలవాట్ల మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఇరవై నిమిషాలు మాట్లాడాను. చిన్న చిన్న మార్పులు చేసుకుంటూ పోవాలన్నాను. మనసు గట్టిగా ఉంటే మూడు చెంచాల పంచదార వేసుకుని కూడా జబ్బుని జయించవచ్చు, నేనే సాక్ష్యం అన్నాను. ఎవరో ఈల వేశారు. ఆడవాళ్ళ వైపు కుర్చీల్లో నా భార్య తల వంచుకుని కూర్చుంది. మొగుణ్ణి పొగుడుతుంటే సిగ్గుపడుతోందనుకున్నాను.

ఇక్కడ ఇంకో మనిషి గురించి చెప్పాలి. సముద్రపు ఒడ్డు నుంచి చేపల బుట్టతో మొదటి ఆటోకి ఊళ్ళోకి వచ్చే ఒక ముసలమ్మ ఉండేది. మా కొట్టుకి రోజూ మొదటి బేరం ఆవిడదే. ఆవిడ చెయ్యి మంచిదని మా నాన్న కాలం నుంచి నమ్మకం. మొదటి బేరాన్ని మేము తిప్పి పంపం. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు కాబట్టి ఒక పొట్లం కల్లుప్పుకి, చారెడు పసుపుకి నా ప్రాణం తోడేసేది. బేరంలో నన్ను పొద్దున్నే ఓడించి పోయే మనిషి ఆవిడ ఒక్కర్తే. మిగతా రోజంతా ఆ ఓటమిని మిగతావాళ్ళ మీద తీర్చుకునేవాణ్ణి.

ఎనిమిదో నెలలో ఒక వాన పొద్దున్న ఆవిడ తడిసి ముద్దయి, వణుకుతూ వచ్చింది. ఎప్పుడూ ఏమీ పుచ్చుకోని మనిషి. నేనే జాలిపడి నా ప్లాస్కులోంచి కాగితం కప్పులో టీ పోసి ఇచ్చాను. ఒక గుక్క తాగి, కప్పులోకి చూసి, నా మొహంలోకి చూసింది.

"ఏటి బాబూ ఇది? మీ కొట్లో పంచదారకి కరువొచ్చినాదా?"

"మూడు సెంచాలు ఏసిన టీ అది. నీ నోరు బాగోలేదు."

"నా నోరు బాగున్నాదో నేదో నా మొగుణ్ణడుగు, బతికుంటే సెప్పీవోడు. ఏ సెంచాతో ఏసినారు మూడు? సెవిలో గుమిలి తీసుకునీదాంతోనా?"

"మా ఆవిడ ఏస్తాది. నాను ఇని లెక్కపెడతాను."

"ఇంటావా? సావుకారువి, తూకం సెవితో సూస్తావా?"

ఉప్పు పొట్లం బుట్టలో పడేసుకుని పోయింది. నేను ఆ పొద్దు ముగ్గురికి తూకం తప్పు వేశాను. మధ్యాహ్నం దాకా ఆగలేక కొట్టు పక్కవాడికి అప్పజెప్పి పదిన్నరకే ఇంటికొచ్చాను.

మా వంటింట్లోకి నేను మంచినీళ్ళ కోసం కూడా వెళ్ళేవాణ్ణి కాదు. కూర్చున్న చోటికే వచ్చేవి. పంచదార డబ్బా మూత తీసి చెంచా బయటికి లాగాను. మా ఇంట్లో మొదటి నుంచీ ఉన్న పల్చటి స్టీలు చెంచా, కాడ చివర చిన్న పువ్వు. కాడ అదే. పువ్వు అదే. వెడల్పూ ఇంచుమించు అదే. గుంట లేదు. పూర్తిగా లేదని కాదు, తమలపాకుని అరచేతిలో పెట్టుకుంటే ఎంత లోతు ఉంటుందో అంత ఉంది. పంచదార ముంచి బొటనవేలితో అంచుకి గీశాను. తూకం చేతికి తెలిసిపోయింది. మామూలు చెంచాలో మూడో వంతు కూడా లేదు.

నా భార్య పొయ్యి దగ్గర పప్పు కలుపుతోంది. తిరిగి చూడలేదు.

"ఇదేటి?"

"సెంచా."

"సెంచాని ఏటి సేసేవు?"

"సన్నికల్లు మీద బోర్లించి పొత్రంతో ఒక్క దెబ్బ. నెలకొక్కటి. ఒకటో తారీకుని. ఈ నెలదీ అయిపోయింది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీరు డాక్టరు దగ్గర బేరం సేసుకునొచ్చిన మర్నాటి నుంచి. మూడే ఏస్తానన్నాను, మూడే ఏస్తన్నాను. ఒక్కటి తగ్గించేనేటండీ?"

"మా తాత సోల నీకెవరు సూపించేరు?"

"మావయ్యగారే. పెళ్ళయిన కొత్తలో అటక మీంచి దింపి సూపించేరు, సిగ్గెయ్యాలని. నాకు సిగ్గెయ్యలేదు. గుర్తుండిపోయింది."

చెంచాని గోడకేసి కొట్టాను. ఏళ్ళ తరబడి కొనేవాళ్ళతో కాటా వంక చూడమని, చేతులు చూడమని గొప్పలు చెప్పుకున్న కొట్టు మాది. ఆ కొట్టు యజమానికి సొంత ఇంట్లో దొంగ కొలత. విజయనగరంలో వేసిన ఈల చెవిలో మోగింది. మనోబలమట. కాకరరసమట. ఆ రోజు ఆవిడ తల వంచుకున్నది నవ్వు ఆపుకోవడానికని అప్పుడు అర్థమైంది.

"నన్ను మోసం సేసేవు."

"సేసేను."

"నా కొట్లో ఎవణ్ణయినా ఇలగ మోసం సేస్తే కాటా ఇరగ్గొట్టి పోతాడు."

"మీ కొట్లో కొన్నోడి కాలు పోదు కదండీ." అప్పుడు తిరిగింది నా వైపు. చేతిలో గరిటె అలాగే ఉంది. "మావయ్యగారి కాలికి కట్టు మార్చింది నాను. మీరు కొట్లో ఉండీవారు. ఆ వాసనకి అత్తయ్యగారు వీధి అరుగు మీదకి ఎల్లిపోయీవారు. నాను ముక్కుకి గుడ్డ కట్టుకుని మార్చీదాన్ని, రోజుకి రెండుసార్లు, రెండేళ్ళు. ఆ గుడ్డ మళ్ళీ కట్టుకోనండి. సెప్తే వినీ మనిషైతే సెప్పీదాన్ని."

బేరం కుదరక కొట్టు దిగి వెళ్ళిపోయేవాడిలాగా, "రేపట్నించి నీ టీ నాకొద్దు" అని వచ్చేశాను.

ఆ తరువాతి మూడు నెలలు నేను చేసిన పని గురించి రాయాలంటే చెయ్యి రావడం లేదు. కొట్టుకి ఎదురుగా టీ బండి ఉంది. ఎనిమిది నెలలు దాని వంక చూడనివాణ్ణి, మర్నాడు పొద్దున్నే వెళ్ళి నిలబడ్డాను. "పంచదార గట్టిగా ఎయ్" అన్నాను. మొదటి గుక్క పాకంలా తగిలింది. జిగటగా గొంతుకి అంటుకుంది. నాలుక ఎనిమిది నెలల్లో మారిపోయింది, నాకు చెప్పకుండా. అది సంతోషించాల్సిన సంగతి అని గ్రహించే బుద్ధి ఉంటే అక్కడే కప్పు పారబోసి ఇంటికెళ్ళేవాణ్ణి. నేను మాత్రం నాకు రావలసిన సరుకు రాబట్టుకుంటున్నట్టు ఊది ఊది తాగాను. రెండో రోజు అంత జిగటనిపించలేదు. నాలుగో రోజుకి బాగుంది. వారం తిరిగేసరికి ఇంకో అర చెంచా అడిగాను. ఎనిమిది నెలలు చెక్కిన నాలుక వారంలో మళ్ళీ మొద్దుబారింది. మంచి అలవాటు మెల్లగా కుదురుతుందని విజయనగరంలో చప్పట్లు కొట్టించుకున్నాను. అది ఎంత వేగంగా ఊడిపోతుందో ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇంట్లో మాటలు తగ్గాయి. ఆవిడ రోజూ ప్లాస్కు నింపి గుమ్మం దగ్గర పెట్టేది. నేను దాన్ని దాటుకుని వెళ్ళేవాణ్ణి. సాయంత్రం ఆవిడే పారబోసేది. మర్నాడు మళ్ళీ నింపేది. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన తేదీ దాటింది. చెంచా సంగతి తెలిశాక వెళ్ళడమెందుకు, బాగుపడింది నేను కాదు కదా అనిపించింది. వినడానికి ఇది పిచ్చివాడి మాటలా ఉంటుంది. కాని నేను నిజంగా అలాగే అనుకున్నాను. ఆ తగ్గిన తీపి నాది కాదు, ఆవిడది. ఆవిడ వస్తువుని నేనెందుకు జాగ్రత్త చెయ్యాలి?

పాత పుండు ఉన్న చోటే తోలు మెత్తబడింది. మళ్ళీ మేజోడు తొడుక్కున్నాను. ఈసారి నేనే దొంగచాటుగా ఉతుక్కున్నాను. ఆవిడకి దొంగ కొలత అని పేరు పెట్టినవాణ్ణి బాత్రూములో కూర్చుని మేజోడు మరక దాస్తున్నాను. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే చెడ్డ గుర్తని నాన్న కాలు చూసి నేర్చుకోలేదా? నేర్చుకున్నాను. తెలిసినవాడికే ఎక్కువ సాకులు దొరుకుతాయి.

ఒక పొద్దున్న చేపల ముసలమ్మ ఉప్పుకి వచ్చింది. బేరం మొదలుపెట్టలేదు. బుట్ట నెత్తి మీద ఉంచుకునే ముక్కు ఎగబీల్చింది.

"బాబూ, సేపల బుట్ట నా నెత్తి మీదున్నాది. కుళ్ళు వాసన నీకాడ నుంచి వస్తన్నాది."

"ఎలక ఏదో సచ్చుంటాది."

"ముప్పయ్యేళ్ళు సేపలమ్మినాను. ఏది సచ్చినాదో, ఏది సస్తన్నాదో నాకు తెలీదేటి? ఆ మేజోడిప్పు."

"పొద్దున్నే బేరం సెయ్యవే తల్లీ, ఎల్లు."

"నువ్వు ఇప్పితేగాని బోణీ సెయ్యను. నా సెయ్యి మంచిదంతావు కదా, సూస్తాను ఈ రోజు నీ కొట్టెలగ నడుస్తాదో."

గుమ్మానికి అడ్డంగా బుట్ట దించి కూర్చుంది. వచ్చినవాళ్ళు వెనక ఆగిపోయారు. నేను బేరమాడాను. సాయంత్రం చూపించుకుంటానన్నాను. రేపన్నాను. ఆవిడ ఒక్క మెట్టు దిగలేదు. మేజోడు ఇప్పాను. ఆవిడ ఒక్క చూపు చూసి, తనే లేచి ఆటో పిలిచింది.

వేలు తీసేశారు. చిటికెన వేలు, మొదలంటా. "ఇంకో పది రోజులు ఆగి ఉంటే పాదం గురించి మాట్లాడుకునేవాళ్ళం" అన్నాడు డాక్టరు. నేను ఆయనతో ఏమీ బేరమాడలేదు. ఆయన కూడా పాత సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండునేమో.

కట్టు మార్చడానికి నర్సు వచ్చినప్పుడల్లా నా భార్య వరండాలోకి వెళ్ళిపోయేది. అన్న మాట నిలబెట్టుకుంది. మూడో రోజు నుంచి కట్టు ఎలా మార్చుకోవాలో నేనే నర్సు దగ్గర నేర్చుకున్నాను. మొదటిసారి నా చేతులతో నేను విప్పి, కడిగి, చుట్టినప్పుడు ముప్పావుగంట పట్టింది. రెండేళ్ళు, రోజుకి రెండుసార్లు. ఆ లెక్క అప్పుడు అర్థమైంది. కోపం అటూ ఇటూ వెతుక్కుని నా దగ్గరికే వచ్చి కూర్చుంది.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్న వంటింట్లోకి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. కాలు ఇంకో స్టూలు మీద పెట్టుకున్నాను. ఆవిడ టీ మరిగిస్తోంది. పాత చెంచా కనబడలేదు. డబ్బాలో కొత్త చెంచా ఉంది, లోతైనది.

"ఇదేటి, కొత్తది?"

"మీరే ఏసుకోండి. నా సేతి కొలత మీకొద్దు కదా."

"సెంచా కొట్టడం తప్పు కాదు," అన్నాను. ఆ మాట బయటికి రావడానికి నా కాలి వేలు పోవాల్సి వచ్చింది. "దొంగచాటుగా కొట్టడం తప్పు. నాకు తెలీకుండా బాగుపడితే, తెలిసిన రోజున ఏది పట్టుకుని ఉండాల నాను? నా సేతిలో ఏటుంది?"

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "అది నాకు తట్టలేదండి," అంది. "కాలు నిలబడితే సాలనుకున్నాను."

"సన్నికల్లు ఎక్కడ?"

కొట్లోంచి ఎలక్ట్రానిక్ కాటా తెప్పించాను. దానికి రెండు వైపులా అంకెలు కనిపిస్తాయి, అమ్మేవాడి వైపు, కొనేవాడి వైపు. కొనేవాడి వైపు ఉన్న అంకెలు ఆవిడ వైపు తిప్పిపెట్టాను. కొత్త చెంచా నిండా పంచదార తీసి, అంచుకి గీసి, తూచి, ఆవిడ చేత అంకె చదివించాను. తరువాత చెంచాని సన్నికల్లు మీద బోర్లించి, పొత్రం రెండు చేతులతో ఎత్తాను.

ఆ దెబ్బలో నాన్న కాలు ఉంది, మిఠాయి పొట్లాలున్నాయి, విజయనగరం ఈల ఉంది. చెంచా రేకులా సాగి, కాడ విరిగి, ఆ ముక్క పొయ్యి కిందకి ఎగిరింది.

నా భార్య ఆ ముక్క వంక చూసింది. నా వంక చూసింది.

"కోపమంతా ఒక్కనాడే కరుసు సేసీసేరు," అంది. "వచ్చే నెలకి ఏటి మిగిలింది?"

ఇంకో చెంచా తీసిచ్చింది. మళ్ళీ పంచదార, మళ్ళీ తూకం, మళ్ళీ అంకె. ఈసారి పొత్రం అంచు పట్టుకుని, వేరుశెనగకాయ పగలగొట్టినట్టు ఒక్కటి వేశాను. చెంచాలో తేడా కంటికి ఆనలేదు. తూస్తే కాటా మీద చివరి అంకె ఒక్కటి తగ్గింది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే."

"ఇంకొక్కటి కొట్టనీ."

"ఒకటో తారీకుని," అని పొత్రం నా చేతిలోంచి తీసుకుని కడిగి, సన్నికల్లు పక్కన గోడకి ఆనించింది. మూడు చెంచాలు నేనే వేసుకున్నాను, ఆవిడకి కనబడేలాగా. గ్లాసు అంచుకి కొట్టలేదు.